పెద్దమ్మ కత్తికి పదును పెట్టినవాడు

మనిషి ముఖం సర్దుకుంటుంది. నవ్వాల్సిన చోట నవ్వుతుంది, ఏడవాల్సిన చోట ఏడుస్తుంది. మెడ వెనక భాగానికి ఆ తెలివి లేదు. దాని సొంతదారు దాన్ని ఎప్పుడూ చూసుకోడు కాబట్టి అది ఉన్నదున్నట్టు ఉండిపోతుంది. ముప్పై ఏళ్ళుగా హిందూపురం స్టేషను బజారులో సెలూన్ నడుపుతున్నాను. ఈ ఊరి పెద్దమనుషుల గురించి నాకు తెలిసినదంతా వాళ్ళు నా ముందు తల వంచినప్పుడు తెలిసిందే.

మొహిద్దీన్ సాబు మెడ వెనక, సరిగ్గా వెంట్రుకలు ఆగే చోట, అడ్డంగా ఒక సన్నటి గీత ఉండేది. మొదటిసారి దాన్ని యాభై అయిదులో చూశాను. మరుసటి ఏడు వేసవికి రెండో గీత పడింది. ఆ పై ఏడు మూడోది. మొదట్లో నా కత్తే తగిలిందేమోనని కంగారుపడ్డాను. "నీ కత్తి కాదులే నారాయణప్పా, అది నా చేతి పదునే" అని నవ్వేవాడు. ఆ నవ్వు నాకు నచ్చేది కాదు. మళ్ళీ అడిగితే సాన తిప్పడం మొదలుపెట్టేవాడు, ఆ చప్పుడులో నా ప్రశ్న కొట్టుకుపోయేది.

ఆయన సాన పట్టేవాడు. ఇల్లు పెనుకొండలో, కోట కొండ కింద. చెక్క చట్రంలో బిగించిన సానరాయి, కాలితో తొక్కితే తిరిగే చక్రం, అదంతా భుజాన వేసుకుని ప్యాసింజరు ఎక్కేవాడు. సోమవారం హిందూపురంలో మా క్షౌరం కత్తులు, కసాయి కత్తులు. గురువారం ధర్మవరంలో పట్టు నేసేవాళ్ళ కత్తెరలు. మిగతా రోజులు పల్లెల్లో కొడవళ్ళు. సన్నగా, పొడుగ్గా ఉండేవాడు. ఎడమ బొటనవేలి గోరు మీద కత్తి ఆనించి, కళ్ళు మూసుకుని, పదును ఎంతవరకు వచ్చిందో చెప్పేవాడు. కత్తి తనకు నచ్చేదాకా తిరిగి ఇచ్చేవాడు కాదు. రైలు కూత వేస్తున్నా సరే, నా కత్తి పట్టుకుని అలాగే కూర్చునేవాడు. మనిషి మంచివాడేగాని పని దగ్గర మొండివాడు, నాకు ఆయనతో తగాదా పడని సోమవారం లేదు.

ఒక్క రకం కత్తికి మాత్రం ఆయన పదును పెట్టేవాడు కాదు. అది దేవుడి కత్తి. పీర్ల పండక్కి ముందు పీర్లను మెరుగు పెట్టడానికి ఆయన దగ్గరికి తెచ్చేవాళ్ళు. ఒక పీరు మీద రెండు మొనల కత్తి ఉండేది. దాన్ని చింతపండుతో తోమి, గుడ్డతో తుడిచి ఇచ్చేవాడు, రాయి దగ్గరికి పోనిచ్చేవాడు కాదు. అమ్మవార్ల కత్తులూ శూలాలూ అయితే 'సానకు చూపించడం' అని ఒక పద్ధతి ఉంది. రాయి తిరుగుతుండగా, ఒక వేలు ఎడం ఉంచి, కత్తిని దాని మీదుగా మూడుసార్లు జరుపుతారు. రాయి తగలకూడదు. అంతటితో పని అయిపోయినట్టే, గుడివాళ్ళు తువ్వాలు కప్పి పంపుతారు.

ఎందుకట్లా అని అడిగితే వాళ్ళ నాయన చెప్పిన మాట చెప్పాడు. "పదును పెట్టిన కత్తి పని అడుగుతాది నారాయణప్పా. మనుసుల కత్తికి మనుసులు పని జూపిస్తారు. దేవుని కత్తి పని అడిగితే ఎవురు జూపియ్యల్ల?"

మా వీధిలో పురాణం చెప్పే అయ్యవారు ఇదే మాటను ఇంకో రకంగా చెప్పేవాడు. దేవతల చేతుల్లో ఉన్నవి చంపే ఆయుధాలు కావట. పాశం మన మమకారం. అంకుశం మన కోపం. శూలానికి మూడు మొనలు మూడు గుణాలు. కత్తి జ్ఞానం, అది నరికేది అజ్ఞానాన్ని. చక్కగా చెప్పేవాడు, కాదనను. కానీ సుఖంగా తిని కూర్చున్నవాడికి అన్నీ గుర్తుల్లాగే కనిపిస్తాయని నాకు లోపల ఒక గుణుగుడు ఉండేది. మొహిద్దీన్ సాబు మాత్రం సోమవారం రైలు తప్పించుకుని మరీ ఆ పురాణం వినేవాడు, గోడవతల నిలబడి.

ఇక ఆ గీతల సంగతి. నాకు ఇదంతా అరవై రెండులో ఒకేసారి తెలిసింది గాని, జరిగిన వరుసలోనే చెబుతాను.

ధర్మవరం దాటి కనగానపల్లి వైపు పోయే దారిలో ఒక పల్లె ఉంది. పేరు రాయను. అక్కడి గ్రామదేవత పెద్దమ్మకు ఏటా ఉగాది దాటాక జాతర. నడిపొద్దున, ఎండ నెత్తి మీద ఉన్నప్పుడు, ఇంటికొక మగమనిషి వరసలో వచ్చి అమ్మ ముందు తల వంచాలి. అక్కడ పూజారి ఒక ఆడమనిషి, ఆమె పెద్దమ్మ కత్తి తీసి అతని మెడ మీద ఒక్క క్షణం ఆనించి తీస్తుంది. తలలోని పొగరు తెగిపోయిందని, ఆ ఏటికి మనిషి కొత్తగా పుట్టాడని వాళ్ళ నమ్మకం. ఎవడైనా రాకపోతే, వాడు ఏదో దాచాడని ఊరు చెప్పుకుంటుంది. ఇంకొక కట్టుబాటు ఏమిటంటే, కత్తిని సానకు చూపించినవాడు అందరికంటే ముందు మెడ పెట్టాలి. సాబు వాళ్ళ నాయన కాలం నుంచీ ఆ మొదటి వంతు వీళ్ళదే.

పూజారి పేరు సిద్ధమ్మ. ఆమెకు ఒక్కతే కూతురు, హనుమంతమ్మ. ఆ ఊళ్ళోనే రైతు కుటుంబానికి చెందిన ఓబులేసుకు ఇచ్చి చేసింది. పెళ్ళయిన మూడో ఏడు, యాభై మూడులో, ఆ పిల్ల కనిపించకుండా పోయింది. ఎవరితోనో రైలెక్కి బెంగళూరు పోయిందని ఓబులేసు చెప్పాడు. పోలీసులు వచ్చి రాసుకుని పోయారు. ఊరు పది రోజులు చెవులు కొరుక్కుని మర్చిపోయింది. ఓబులేసు మళ్ళీ పెళ్ళి చేసుకున్నాడు. సిద్ధమ్మకు మాత్రం కూతురు బతికుందని దీపం పెట్టుకోవాలో, పోయిందని దినాలు చెయ్యాలో తెలియలేదు. రోజూ ఒక ముద్ద తీసి పక్కన పెట్టేది. చీకటి పడేలోగా దాన్ని ఆవుకు వేసేది. బిడ్డ ఎక్కడుందో తెలియాలి, అంతకు మించి ఆమెకు ఈ లోకంలో ఇంకేమీ అక్కర్లేదు.

యాభై అయిదు జాతరకు ముందురోజు, సాబు సాన దించి కత్తి అడిగితే, సిద్ధమ్మ దాన్ని ఒళ్ళో పెట్టుకుని కూర్చుంది.

"ఈ ఏడు ఉత్తగ జూపియ్యొద్దు సాబూ. పదును పెట్టు."

"పెట్టకూడదు గదక్కా."

"గుమ్మడికాయ ఒగ ఏటుకు తెగడం ల్యా. పోయినేడు మూడేట్లు పడె. ఊరు నన్ను అంటాంది, నా చెయ్యి మంచిది కాదని. బిడ్డను పోగొట్టుకున్నదాన్ని, ఇంగ ఈ మాట గూడ పడల్లనా?"

ఆ చివరి మాట ఆయన్ని పడగొట్టింది. ఏడ్చే ఆడమనిషి ముందు నియమాలు గుర్తుంచుకునే రకం కాదు సాబు. ఒక్కసారే కదా, గుమ్మడికాయకే కదా అనుకున్నాడు. అదే ఆయన చేసిన తప్పు.

రాయి తిప్పి కత్తి ఆనించాడు. నిప్పురవ్వ రాలేదు. పాత ఇనుము, నూరేళ్ళుగా మొద్దుగా ఉన్నది, రాయి తగిలితే రవ్వలు చిమ్మాలి. ఒక్కటీ లేదు. చప్పుడూ సరిగ్గా లేదట. ఎవరో నోరు మూసుకుని మూలిగినట్టు వచ్చిందట. పట్టుమని పది తిప్పులు తిరగక ముందే పదును వచ్చేసింది. "నేను పెట్టలేదు నారాయణప్పా, అది లోపలే ఉన్నింది, బయటికి వచ్చె" అని చెప్పాడు నాకు. ఇట్లాంటి మాటలు నాకు గిట్టవు. కానీ చెబుతున్నప్పుడు ఆయన తన బొటనవేలి గోరు రుద్దుకుంటూనే ఉన్నాడు.

మర్నాడు నడిపొద్దున ఉరుములు మోగుతుండగా, ఆ పెద్ద డోళ్ళ చప్పుడుకు నేల అదురుతుండగా, సాబు మొదట తల వంచాడు. కత్తి మెడ మీద చల్లగా ఆనింది. తర్వాత వెచ్చగా ఒక దారం జారినట్టయింది. పక్కకు జరిగి చూశాడు. గుమ్మడికాయను నేలకేసి పగలగొట్టారు, దానికి కత్తి ముట్టించనే లేదు. ఆ ఊళ్ళో గుమ్మడికాయను కత్తితో కోసే వాడుకే లేదని అప్పుడు గుర్తొచ్చింది. వరసలో ఒక్కొక్కరికీ సిద్ధమ్మ కత్తిని పక్కకు తిప్పి, చదును భాగం ఆనిస్తోంది. ఓబులేసు వచ్చాడు. కత్తి మళ్ళీ నిలువుగా తిరిగింది.

ఆమె వంగి అతని చెవిలో ఏదో అడిగింది. ఉరుముల మోతలో ఎవరికీ వినిపించలేదు. అందరికీ ఒక్క క్షణం ఆనే కత్తి అతని మెడ మీద చాలాసేపు ఉండిపోయింది. అతని చేతులు మట్టిలోకి దిగబడ్డాయి. ఆమె తీసేసింది. అతను లేచి, తువ్వాలు మెడ చుట్టూ చుట్టుకుని, ఎవరినీ చూడకుండా పోయాడు.

సాబు ఏడాదంతా సరిగ్గా నిద్రపోలేదు. మరుసటి ఏడు జాతరకు రెండు రోజుల ముందే పోయాడు, ఆ పదును తీసేద్దామని. కత్తి చేతికి తీసుకుంటే నిన్ననే సాన పట్టినట్టు ఉంది. తుప్పు లేదు, మసి లేదు. ఆమె ముందు కూర్చుని, పురాణంలో విన్నది ఎంత జాగ్రత్తగా వీలయితే అంత జాగ్రత్తగా చెప్పాడు.

"అయ్యవారు చెప్తాంటే ఇన్న్యా అక్కా. పెద్దమ్మ చేతిలో ఉండేది మెడలు కోసే కత్తి కాదంట. అది జ్ఞానమంట. తెలియని చీకటిని కోసేదంట. దానికి పదును అక్కర్లేదంట."

సిద్ధమ్మ కత్తి కోసం చేయి చాచింది.

"నాకు గావల్సింది అదే గద సాబూ. నా బిడ్డ యాడుండాదో తెలియాల. ఆ తెలివి వాని కడుపులో ఉండాది. మొద్దు కత్తికి అది బయటికొస్తాదా?"

"చెయ్యి జారితేనో?"

"జారదు. వాడు సస్తే నాకు చెప్పేదెవురు?"

సాబు పదును తీయకుండానే కత్తిని గుడ్డలో చుట్టి ఇచ్చేశాడు. అంతటితో ఆగలేదు. ఆ తర్వాత ప్రతి ఏడూ జాతరకు ముందురోజు పోయి, అంచు చూసి, అవసరం లేకపోయినా రెండు తిప్పులు తిప్పి ఇచ్చేవాడు. మొదటి తప్పు తెలియక చేశాడు, తర్వాతివన్నీ తెలిసే చేశాడు. ఇంట్లో భార్య షంషాద్‌బీ ఆ గీతల మీద పసుపు అద్దుతూ, "దేవుని కత్తి జోలికి నీకేం పని" అని తిట్టేది. ఆయన తల వంచుకుని తిట్లు తినేవాడు. నేనైతే ఆయన్ని తప్పు పట్టలేను. ఆ పల్లెలో ఆ తల్లి పక్షాన నిలబడిన మనిషి ఎవడూ లేడు, పెనుకొండ నుంచి సాన మోసుకుని ఇతను పోవాల్సి వచ్చింది.

ఓబులేసు రాకుండా ఉండలేకపోయేవాడు. రాకపోతే ఊరు అడుగుతుంది. వస్తే కత్తి అడుగుతుంది. ఏడేళ్ళలో మనిషి ఎండిపోయాడు. మెడకు గుడ్డ తగిలినా ఉలిక్కిపడేవాడట. జుట్టు కత్తిరించుకోవడం మానేశాడు. రాత్రిళ్ళు గోడకు వీపు ఆనించి కూర్చునే పడుకునేవాడని రెండో పెళ్ళాం బావి దగ్గర చెప్పుకుంది. అతని ఇంట్లో ఇంకొక విడ్డూరం కూడా ఉండేది. ఎద్దుల్ని కట్టేసే గాటిపాట్లో ఒక మూలన ఏ పశువూ పడుకోదు. ఎన్నిసార్లు అక్కడ కట్టినా తెల్లారేదాకా నిలబడే ఉంటుంది. ఎద్దుల్ని మార్చాడు. కొత్త ఎద్దులూ అంతే.

అరవై రెండు జాతరకు పది రోజుల ముందు, ఒక సోమవారం పొద్దున, సాబు నా సెలూన్ ముందు సాన పడుతున్నాడు. అప్పుడే నా కత్తికి పదును పెట్టి లోపలికి అందించాడు. ఒక మనిషి వచ్చి గుమ్మంలో నిలబడ్డాడు. జుట్టు భుజాల దాకా ఉంది, కళ్ళు లోపలికి పోయాయి. నాకు అతనెవరో తెలియదు.

"సాబూ, నీ కోసమే వస్తి. ధర్మవరంలో అడిగితే ఈడుంటావనిరి" అన్నాడు.

సాబు సాన ఆపలేదు. "ఏమబ్బా ఓబులేసూ. ఎండలో వస్తివి."

"ఈ ఏడు దానికి పదును పెట్టొద్దు. నీ కాళ్ళు పట్టుకుంటా. ముసిల్దానికి చెయ్యి వణుకుతాంది సాబూ. పోయినేడు సూస్తివి గదా. ఇంగ అది ఆపల్లనుకున్యా చెయ్యి ఆగదు."

"కూర్చో. గడ్డం చేయించుకో. మల్లా మాట్లాడుకుందాం."

అతను కుర్చీలో కూర్చున్నాడు. "గడ్డం ఒగటే. ఎనక తాకొద్దు" అని నాతో అన్నాడు. నేను సరేనన్నాను. గడ్డం అయింది. కానీ ముప్పై ఏళ్ళ అలవాటు, చెయ్యి దాని దారిన అది పోతుంది. ఆ జడల్లాంటి జుట్టు చూస్తే నాకు చిరాకు కూడా వేసింది. ఎడమ చేత్తో జుట్టు పైకెత్తి, తడి చేసిన కత్తిని మెడ వెనక ఆనించాను. అక్కడ అడ్డంగా గీతలు ఉన్నాయి. సాబు మెడ మీద ఉన్నట్టే, అన్నీ ఒకే చోట. నా చెయ్యి ఆగిపోయింది, కత్తి మెడ మీదే ఉండిపోయింది.

కుర్చీలో మనిషి కొయ్యబారిపోయాడు. బయట సాన చప్పుడు ఆగింది.

"పాతరలో ఉండాది" అన్నాడు అతను.

మా సీమలో జొన్నలు నేలలో దాచేవాళ్ళు. మనిషి దూరేంత మూతి, లోపల గదంత వెడల్పు, అదీ పాతర. నెలల తరబడి మూసి ఉంచితే లోపల గాలి చెడిపోతుంది. మూత తీశాక ఒక పూట వదిలేసి, దీపాన్ని తాడుతో లోపలికి దింపి చూస్తారు. దీపం ఆరితే మనిషి దిగకూడదు. ఇది మా దగ్గర పసిపిల్లలకు కూడా తెలుసు.

సాబు లోపలికి వచ్చి అతని ముందు నిలబడ్డాడు. "దీపం దింపి సూడల్యా?"

"ల్యా. బండి కట్టి ఉన్నింది. సంతకు పొద్దు పోతాంది. నేనే దిగమంటి. ఆ యమ్మి గాలి ఆరనీ అనె. నేనే అరిస్తి."

"దిగినాక?"

"రెండు గంపలు అందిచ్చె. మూడోది అందియ్యల్యా."

"నువ్వు దిగల్యా?"

"దిగితే నేనూ సస్తా గదా."

"మందిని పిలవల్యా?"

"పిలిస్తే, వాళ్ళమ్మ పెద్దమ్మ కత్తి పట్టే మనిషి గదా, ఊరు నన్ను బతకనిస్తాదా. మూత పెట్టి మన్ను కప్పితి. దాని మీద గాటిపాడు కట్టిస్తి."

సాబు గొంతు తగ్గింది. "మూత పెట్టేటప్పుడు పానం ఉన్నిందా?"

బజారులో జట్కా బండి పోయిన చప్పుడు వినిపించింది.

"ఒగసారి పిలిచింది" అన్నాడు ఓబులేసు. "నన్ను కాదు. వాళ్ళమ్మను."

నా చేతిలో కత్తి ఉంది. ఆ క్షణం నా చేతి మీద నాకే నమ్మకం లేకపోయింది. కుర్చీ నుంచి దూరంగా వచ్చి గోడకు ఆనుకున్నాను. ఆ మనిషి మాత్రం ఎన్నో ఏళ్ళ తర్వాత మొదటిసారి తల వెనక్కి వాల్చి, కళ్ళు మూసుకున్నాడు.

పోలీస్ స్టేషనుకు మేమిద్దరం చెరో పక్కన నడిపించుకుపోయాం. పారిపోవాలని చూడలేదు. దారిలోనే సాబు నాకు ఈ కథంతా చెప్పాడు, ముక్కలు ముక్కలుగా, ఓబులేసు వింటూ ఉండగానే. స్టేషను గుమ్మం దగ్గర నన్ను పక్కకు లాగాడు.

"ఒగ మాట మాత్రం నీ నోట రానియ్యొద్దు నారాయణప్పా. ఆ పిలిచిన మాట."

"ఏడేండ్లు నిజం గావల్లని పదును పెడితివి. ఇప్పుడేమిటికి దాస్తాండావు?"

"నిజం గావల్ల. అంతా గావల్లని నేను అనల్యా."

నాకు అది సరిగ్గా తోచలేదు. అయినా నోరు మూసుకున్నాను. ఆ మాట మోసుకుని ఆ తల్లి దగ్గరికి పోవాల్సింది నేను కాదు కదా.

గాటిపాడు పీకి, పాతర మూత తీశారు. ఈసారి ఒక రోజంతా ఆరనిచ్చారు, దీపం దింపి చూశారు. దీపం నిలబడింది. లోపల రెండు చేతుల గాజులు పగలకుండా ఉన్నాయట. సిద్ధమ్మ ఏడవలేదు. ఎముకలు ఎత్తిన గంప పక్కన కూర్చుని, గాజుల్లోని మన్ను కొంగుతో తుడుస్తూ సాబును అడిగింది.

"నా బిడ్డ పిలిచిందా సాబూ?"

"లేదక్కా. దీపం ఆరినట్లు ఆరిపోయింది. ఏమీ తెలియనట్లు."

ఆమె తల ఊపింది. దినాలు చేసింది. పక్కన ముద్ద పెట్టడం మానేసింది. సాబు కత్తి అడిగి తీసుకుని, ఆమె చూస్తుండగానే అంచును రాయికి ఎదురుగా నిలబెట్టి పదును చంపేశాడు. ఈసారి నిప్పురవ్వలు గుప్పున లేచాయట, చొక్కా కాలేంతగా. గోరు మీద ఆనించి చూశాడు. గరిటె అంచులా ఉంది. ఆ రాత్రి పెనుకొండలో కడుపునిండా తిని పడుకున్నాడని షంషాద్‌బీ చెప్పింది.

అరవై రెండు జాతర జరగలేదు. ఊరికి మైల అన్నారు. ఆ ఏడాదంతా కేసు కోర్టులో నడిచింది. మా ఇద్దరి సాక్ష్యంలో ఆ మాట లేదు. ఓబులేసే చెప్పాడని తర్వాత విన్నాం, అడగకుండానే, రెండు చేతులూ కట్టుకుని. ఆ రోజు సిద్ధమ్మ అక్కడ ఉందో లేదో మాకు తెలియలేదు. సాబు అడగడానికి భయపడ్డాడు. ఏడు గీతలకు జంకని మనిషి ఆ ఒక్క సంగతి కనుక్కోవడానికి ఏడాది జంకాడు.

అరవై మూడు జాతరకు నన్ను కూడా రమ్మన్నాడు. ఎందుకో చెప్పలేదు. ఒంటరిగా పోలేకపోతున్నాడని నాకు అర్థమై సెలూన్ మూసి వెంట పోయాను. ముందురోజు కత్తిని సానకు చూపించాడు, వేలు ఎడంగా, మూడుసార్లు, నాయన నేర్పినట్టు. నేనూ వేలితో అంచు తడిమి చూశాను. కత్తుల సంగతి నాకూ తెలుసు. దాంతో వెన్న కూడా తెగదు. ఆ కత్తి మళ్ళీ గుడిలోకి పోయింది, ఆ ఊళ్ళో ఇంకెవరి దగ్గరా సానరాయి లేదు.

నడిపొద్దు. నీడ కాళ్ళ కిందికి వచ్చేసింది. ఊరంతా వరసలో ఉన్నా దగ్గు కూడా వినిపించడం లేదు. ఉరుములవాళ్ళు తోలు సడలిందని మంట దగ్గరికి పోయారు, వేడి చేసుకోవడానికి. సాబు మొదట, వెనక నేను. సిద్ధమ్మ బాగా ముసలిదైపోయింది. కత్తి పట్టిన చెయ్యి వణుకుతూనే ఉంది.

సాబు మోకాళ్ళ మీద కూర్చుని తల వంచాడు. కత్తి వచ్చి మెడ మీద ఆనింది, నిలువుగా. దాని కింద సన్నటి ఎర్రటి చార పుట్టడం నేను చూశాను. నిన్న నేను తడిమిన అంచు అది.

సిద్ధమ్మ వంగింది. ఆమె చెయ్యి వణకడం ఆగిపోయింది.

"పిలిచిందంట గద సాబూ."

ఆయన కదల్లేదు. కదిలితే ఏమయ్యేదో నాకు తెలియదు. తల వంచుకునే చెప్పాడు.

"పిలిచిందక్కా. నిన్నే పిలిచిందంట."

"ఆ పొద్దు నేను ఈడనే ఉండా" అంది ఆమె. "గుడి ముందర కసువు ఊడుస్తాండా. వాని ఇల్లు ఆ కనపడేదే గదా."

ఆమె అటు చూసింది. మేమూ చూశాం. నిజంగా ఎంతో దూరం లేదు.

"నాకు ఇనపడల్యా సాబూ."

సాబు భుజాలు కదిలాయి. ఆయన ఏడుస్తున్నాడని నాకు వెనక నుంచే తెలిసింది. ఆమె కత్తి తీసి, చీర చెంగుతో ఆయన మెడ ఒత్తి, పక్కకు జరగమని చెప్పింది. తర్వాత, ఆ మాట దాచిన రెండోవాడినైన నా వైపు తిరిగి, రమ్మని తల ఊపింది.